లండన్ నడిబొడ్డున పాత కౌన్సిల్ ఫ్లాట్‌లో ఉండటం ఎలా: గది వెతకడం నుంచి గోడ మీద బూజు దాకా

లండన్‌కి కొత్తగా వచ్చే మనవాళ్ళలో చాలామంది ఇల్లు వెతికేటప్పుడు బయటి రూపం చూసే తేల్చేస్తారు. అద్దాల టవర్, కింద రిసెప్షన్, జిమ్ ఉంటే మంచి ఇల్లు, ఇటుకతోనో కాంక్రీట్‌తోనో కట్టిన పాత బ్లాక్ అయితే "కౌన్సిల్ ఫ్లాట్ అంట, వద్దులే". కౌన్సిల్ అంటే ఇక్కడి మున్సిపాలిటీ, అది తక్కువ అద్దెకి ఇవ్వడానికి కట్టించినవే కౌన్సిల్ ఫ్లాట్లు. ఊరి మధ్యలో, ఆఫీసుకో కాలేజీకో దగ్గరగా, గదిలో మంచం పక్కన బీరువా కూడా పట్టేలా ఉండాలంటే మాత్రం నేను ఈ పాత ఫ్లాట్లే చూడమంటాను. కాకపోతే వీటిలో ఉండటానికి ఒక పద్ధతి ఉంది. అది తెలియకపోతే మొదటి చలికాలంలోనే గోడలు నల్లబడతాయి, కిందింటివాళ్ళతో గొడవ మొదలవుతుంది.

కొంచెం వెనక కథ చెప్పాలి, ఎందుకంటే తర్వాత చెప్పే జాగ్రత్తలన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి తూర్పు లండన్‌లో చాలా ఇళ్ళు నేలమట్టమయ్యాయి. ఆ ఖాళీల్లో, పాత మురికివాడలు పడగొట్టిన చోట, 1940ల చివరి నుంచి 1970ల దాకా కౌన్సిళ్ళు వరసగా ఫ్లాట్లు కట్టాయి. పాప్లర్‌లో లాన్స్‌బరీ ఎస్టేట్‌ని (ఎస్టేట్ అంటే ఒకచోట కట్టిన ఇళ్ళ సముదాయం) 1951లో జనం వచ్చి చూసి వెళ్ళే ప్రదర్శనగా కూడా పెట్టారు. పిమ్లికోలో చర్చిల్ గార్డెన్స్, ఎలిఫెంట్ అండ్ కాజిల్ దగ్గర వాల్‌వర్త్, బెత్నల్ గ్రీన్, ఇలా చాలాచోట్ల ఇవే కనిపిస్తాయి. 1980లో వచ్చిన చట్టంతో అద్దెకున్నవాళ్ళకి తమ ఫ్లాట్‌ని తగ్గింపు ధరకి కొనుక్కునే హక్కు వచ్చింది. అలా కొన్నవాళ్ళు తర్వాత వేరేవాళ్ళకి అమ్మేశారు, వాళ్ళు అద్దెకిస్తున్నారు. మీకు ఆన్‌లైన్‌లో కనిపించే "ఎక్స్ కౌన్సిల్" ఫ్లాట్లు ఇవే. అంటే ఒకే వరండాలో ఒక తలుపు వెనక నలభై ఏళ్ళుగా కౌన్సిల్ అద్దెకి ఉంటున్న పెద్దావిడ, పక్క తలుపు వెనక బ్యాంకులో పనిచేసే కుర్రాడు, ఆ పక్కన సొంతంగా కొనుక్కున్న కుటుంబం ఉంటారు.

జనం ఎంత ఒత్తుగా ఉంటారంటే, 2021 జనాభా లెక్కల ప్రకారం ఇంగ్లండ్, వేల్స్ మొత్తంలో అన్నిటికన్నా ఇరుకైన ప్రాంతం టవర్ హామ్లెట్స్ బరో (లండన్‌లో ఒక్కో కౌన్సిల్ కిందుండే ప్రాంతాన్ని బరో అంటారు). చదరపు కిలోమీటరుకి 15,695 మంది. పాప్లర్, బెత్నల్ గ్రీన్, వైట్‌చాపెల్ అన్నీ అందులోవే. అందుకే నేను అందరికీ చెప్పేది ఒకటే: ఫ్లాట్ చూడటానికి పది నిమిషాలు పెడితే, బ్లాక్ చూడటానికి ఇరవై నిమిషాలు పెట్టండి.

1. ముందు ఎలాంటి బ్లాక్ కావాలో తేల్చుకోండి

కెనరీ వార్ఫ్‌లో ఉద్యోగమైతే పాప్లర్ నుంచి నడిచి కూడా వెళ్ళొచ్చు. బెత్నల్ గ్రీన్ నుంచి లివర్‌పూల్ స్ట్రీట్ సెంట్రల్ లైన్ మెట్రో రైల్లో ఒకే ఒక్క స్టాపు. దోసెలు, గుడి, మన కిరాణా కొట్లు నడిచే దూరంలో ఉండాలంటే ఈస్ట్ హామ్ మేలు, కానీ అది ఇంకా బయటికి ఉంటుంది, ఇళ్ళు కూడా ఎక్కువగా వరస ఇళ్ళే. కూరగాయలకి మాత్రం దిగులు పడకండి. టవర్ హామ్లెట్స్‌లో మూడో వంతు దాకా బంగ్లాదేశ్ మూలాల వాళ్ళు, కాబట్టి వైట్‌చాపెల్ మార్కెట్‌లో బెండకాయ, కాకరకాయ, కొత్తిమీర కట్టలు దొరుకుతాయి.

బ్లాకులు మూడు రకాలు అనుకోండి. నాలుగైదు అంతస్తులవి, మెట్లో చిన్న లిఫ్టో ఉన్నవి మొదటి రకం. పొడవాటి వరండా బయట ఉండి, అందులోంచి ఒక్కొక్క ఇంట్లోకి వెళ్ళేవి రెండోది, మన రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నట్టే. ఇరవై అంతస్తులు దాటే టవర్లు మూడోది. నన్నడిగితే వరండా ఉన్న బ్లాకే మంచిది. ముందు వైపు, వెనక వైపు రెండు చోట్లా కిటికీలు ఉంటాయి, గాలి ఇటు నుంచి అటు ఆడుతుంది. ఈ బ్లాకుల్లో గాలి ఎంత విలువైనదో కింద చెప్తాను. వంటింటి కిటికీ ముందు నుంచి జనం నడుస్తూ ఉంటారు, దానికి అలవాటు పడాలి.

కట్టిన సంవత్సరం కూడా అడగండి. 1969 నుంచి 1980 దాకా కట్టిన కౌన్సిల్ ఇళ్ళకి పార్కర్ మోరిస్ ప్రమాణాలు తప్పనిసరి. ఇంటి విస్తీర్ణం ఇంత ఉండాలి, సామాను పెట్టుకోవడానికి ఇంత చోటు ఉండాలి అని నియమం. ఆ కాలం ఫ్లాట్‌లో లోపల చిన్న సామాను గది కనిపిస్తే అది ఆ నియమం పుణ్యమే. పెద్ద సూట్‌కేసులు, బియ్యం బస్తా అన్నీ అందులోకి వెళ్ళిపోతాయి.

2. ఫ్లాట్ నిజంగా ఎవరిదో కనుక్కోండి

డబ్బు పంపే ముందు ఈ పని చేయకపోతే మిగతావన్నీ చేసినా లాభం లేదు. కౌన్సిల్ దగ్గర తక్కువ అద్దెకి ఫ్లాట్ తీసుకుని, తాము వేరే చోట ఉంటూ, ఫ్లాట్ మొత్తం విద్యార్థులకి ఎక్కువ అద్దెకి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. 2013 చట్టం ప్రకారం అది నేరం. పట్టుబడితే శిక్ష వాళ్ళకే, కానీ సామానుతో రోడ్డు మీద నిలబడేది మీరు. కౌన్సిల్ అద్దెదారు తాను అదే ఇంట్లో ఉంటూ ఒక గది ఇవ్వడం వేరే సంగతి, అది చాలామందికి చట్టప్రకారం కుదురుతుంది.

ల్యాండ్ రిజిస్ట్రీ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చిరునామా కొట్టి కొన్ని పౌండ్లు కడితే ఆ ఫ్లాట్ లీజు ఎవరి పేరున ఉందో కాగితం వస్తుంది (ఇక్కడ ఫ్లాట్ కొనడమంటే మామూలుగా చాలా ఏళ్ళ లీజు కొనడమే). ఆ పేరు, అగ్రిమెంట్ మీద ఓనరు పేరు కలవాలి. కలవకపోతే ఎందుకో అడగండి, సరైన జవాబు రాకపోతే వదిలేయండి. ఫోన్లో అన్నయ్యా తమ్ముడూ అని ఎంత ఆప్యాయంగా మాట్లాడినా సరే, ఇల్లు చూడకుండా, పేరు చూడకుండా హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో డబ్బు పంపకండి. మీరింకా రాకపోతే ఇక్కడున్న స్నేహితుణ్ణి పంపి, అక్కడి నుంచే వీడియో కాల్ చేయించండి.

షేరింగ్ అయితే ఇంకోటి. ఈ ఫ్లాట్లలో హాలుని కూడా పడకగది చేసి అద్దెకిస్తారు. ముగ్గురో అంతకన్నా ఎక్కువో, ఒక కుటుంబానికి చెందనివాళ్ళు కలిసి ఉంటే చాలా లండన్ బరోల్లో ఓనరు లైసెన్స్ తీసుకోవాలి. లైసెన్స్ ఉన్న ఇళ్ళ జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చూడండి. అలాంటి ఇంట్లో ఒక్క మనిషి పడుకునే గది కనీసం 6.51 చదరపు మీటర్లు, ఇద్దరికైతే 10.22 ఉండాలి. ఫోన్లో కొలిచే యాప్ ఉంటే చాలు, ఏజెంట్ ముందే కొలవండి, మొహమాటం వద్దు.

3. చూడటానికి వెళ్ళినప్పుడు ముక్కుతో, చేత్తో చూడండి

కుదిరితే సాయంత్రం చీకటి పడ్డాక వెళ్ళండి, అందరూ ఇంట్లో ఉండే సమయం. గుమ్మం తాళం పనిచేస్తోందా, మెట్ల దగ్గర లైట్లు వెలుగుతున్నాయా, లిఫ్ట్ ఎలా ఉంది, చెత్త గొట్టం దగ్గర కంపు ఉందా చూసుకోండి. కొన్ని పాత టవర్లలో లిఫ్ట్ అన్ని అంతస్తుల్లో ఆగదు. పాప్లర్‌లో 1967లో పూర్తయిన బాల్‌ఫ్రన్ టవర్‌లో మూడేసి అంతస్తులకి ఒకసారి ఆగేలా కట్టారు. అమ్మానాన్నలు వచ్చి కొన్నాళ్ళు ఉంటారనుకుంటే, చంటిబిడ్డ ఉంటే, ఇది ముందే తెలియాలి.

లోపలికి వెళ్ళాక బయటి గోడ మూలల్ని చూడండి, పైకప్పు గోడని కలిసే చోట, కిటికీ పక్కన, బీరువా వెనక. చెయ్యి పెడితే చల్లగా తడిగా ఉందా? ఆ ఒక్క గోడకే కొత్త పెయింట్ వేసి ఉందా? వేసి ఉంటే కింద బూజు (చెమ్మకి పట్టే నల్లటి ఫంగస్) ఉండొచ్చు, సూటిగా అడగండి. వంటింట్లో, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, ఒక టిష్యూ కాగితం దాని మీద పెట్టండి. అంటుకుని నిలబడితే గాలి లాగుతున్నట్టు, జారిపోతే అది ఉత్త చప్పుడే.

వేడి ఎలా వస్తుందో కూడా తెలుసుకోండి. ఇంట్లోనే గ్యాస్ బాయిలర్ ఉందా, కరెంటు హీటర్లా, లేక ఎస్టేట్ మొత్తానికి ఒకే చోట నీళ్ళు వేడి చేసి గొట్టాల్లో పంపుతారా. చర్చిల్ గార్డెన్స్‌కి మొదట్లో థేమ్స్ నదికి అవతల ఉన్న బ్యాటర్‌సీ పవర్ స్టేషన్ నుంచి, నది కింద సొరంగంలోంచి వేడినీళ్ళు వచ్చేవి. అలాంటి చోట వేడి ఖర్చు అద్దెలో కలిసి ఉందో విడిగా కట్టాలో రాతపూర్వకంగా అడగండి. కరెంటు హీటర్లు అయితే చలికాలం బిల్లు గట్టిగానే ఉంటుంది.

4. డబ్బు, కాగితాలు

డిపాజిట్ అయిదు వారాల అద్దె దాటకూడదు (సంవత్సరానికి 50,000 పౌండ్ల లోపు అద్దెకి). నెలకి 900 పౌండ్ల గది అనుకోండి, పన్నెండుతో గుణించి 52తో భాగించి అయిదుతో గుణిస్తే 1,038 పౌండ్లు వస్తుంది, అంతకు మించి ఒక్క పౌండ్ అడగకూడదు. గది పట్టి ఉంచడానికి ముందుగా ఇచ్చేది ఒక వారం అద్దె వరకే. డిపాజిట్‌ని ప్రభుత్వం ఆమోదించిన మూడు పథకాల్లో ఒకదానిలో 30 రోజుల్లోపు పెట్టి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటుంటే ఈ రక్షణ వర్తించదు, అప్పుడు తక్కువ డిపాజిట్‌కి బేరమాడండి.

ఇక్కడ హామీ ఇచ్చేవాళ్ళు లేరని విదేశీ విద్యార్థుల్ని ఆరు నెలల అద్దె ముందే కట్టమనడం మామూలైపోయింది. 2026 మే 1 నుంచి ఇంగ్లండ్‌లో మామూలు ప్రైవేటు అద్దెలకి ఒక నెల కన్నా ఎక్కువ అడ్వాన్స్ అడగకూడదని చట్టం. కారణం చెప్పకుండా ఖాళీ చేయించే పద్ధతి కూడా అదే రోజుతో పోయింది. ఈ తేదీ గుర్తు పెట్టుకోండి, ఏజెంట్ పాత పాట పాడితే చెప్పండి.

కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటికి కౌన్సిల్ వేసే పన్ను) దగ్గర షేరింగ్ స్నేహాలు చెడిపోతాయి కాబట్టి ముందే మాట్లాడుకోండి. ఇంట్లో అందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే కట్టక్కర్లేదు, యూనివర్సిటీ ఇచ్చే లెటర్ కౌన్సిల్‌కి పంపాలి. వాళ్ళలో ఒక్కరికి చదువు అయిపోయి ఉద్యోగం మొదలైతే బిల్లు వస్తుంది, 25 శాతం తగ్గింపుతో. అది ఎవరు కట్టాలో చేరే రోజే అనుకోండి.

5. చేరిన మొదటి వారంలో

ప్రతి గోడ, ప్రతి మూల, కిటికీ, ఓవెన్ లోపల, మీటర్ రీడింగ్ ఫొటోలు తీసి అదే రోజు ఓనరుకి ఈమెయిల్ చేయండి. వాట్సాప్ మెసేజ్ కన్నా ఈమెయిల్ నమ్మకం. నీళ్ళు కట్టేసే వాల్వ్ ఎక్కడుందో వెతికి, ఒకసారి తిప్పి చూడండి, ఎందుకంటే పైపు పగిలిన రాత్రి దాన్ని వెతుక్కుంటూ కూర్చుంటే ఆ నీళ్ళన్నీ మూడు అంతస్తులు దిగుతాయి. పాత బ్లాకుల్లో బాత్రూమ్ నీళ్ళు పైన ట్యాంకు నుంచి రావచ్చు, అందుకని తాగడానికి వంటింటి కుళాయి నీళ్ళే పట్టుకోండి. లండన్ నీళ్ళలో సున్నం ఎక్కువ, కెటిల్‌లో తెల్లగా పేరుకుంటే భయపడకండి, వెనిగర్ పోసి మరిగిస్తే పోతుంది.

రిపేర్లకి ఎవర్ని పిలవాలో ఇక్కడ చాలామందికి అయోమయం. ఫ్లాట్ లోపలిది, అంటే బాయిలర్, కుళాయి, సింక్, మీ ఓనరు బాధ్యత. పైకప్పు, లిఫ్ట్, మెట్లు, అందరికీ కలిపి ఉన్న పెద్ద గొట్టాలు, బ్లాక్ ఎవరిదో వాళ్ళవి, అంటే కౌన్సిల్‌వో, కౌన్సిల్ లాగే తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థ హౌసింగ్ అసోసియేషన్‌వో. కింద నోటీసు బోర్డు మీద వాళ్ళ నంబరు ఉంటుంది. లిఫ్ట్ ఆగిపోతే మీరే ఫోన్ చేయొచ్చు. పైనుంచి నీళ్ళు కారితే మీ ఓనరుకీ బ్లాక్ ఆఫీసుకీ ఇద్దరికీ ఒకేసారి చెప్పండి, లేకపోతే ఒకరి మీద ఒకరు తోసుకుంటూ వారాలు గడుపుతారు.

6. చెమ్మ, బూజు

ఇది నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునే విషయం. పిల్లల ఊపిరితిత్తుల సంగతి ఇది. 2020 డిసెంబరులో మాంచెస్టర్ దగ్గర రోచ్‌డేల్‌లో ఒక హౌసింగ్ అసోసియేషన్ ఫ్లాట్‌లో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ళ పిల్లాడు చనిపోయాడు. ఇంట్లో బూజు వల్లేనని 2022లో విచారణలో తేల్చారు. తల్లిదండ్రులు ఎన్నోసార్లు మొరపెట్టుకున్నా సరిచేయలేదు. ఆ పిల్లాడి పేరు మీదే వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27 నుంచి ముందుగా కౌన్సిల్, హౌసింగ్ అసోసియేషన్ అద్దె ఇళ్ళకి అమలులోకి వచ్చింది.

ఎందుకు వస్తుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఈ బ్లాకులు కట్టిన రోజుల్లో గోడలకి చలి ఆపే పొర పెట్టలేదు. చాలా చోట్ల లోపలి కాంక్రీట్ స్లాబే బయటికి సాగి బాల్కనీ అవుతుంది, దాంతో బయటి చలి నేరుగా గది మూలలోకి వస్తుంది. అప్పట్లో కిటికీ సందుల్లోంచి గాలి వచ్చేది, తర్వాత గట్టి డబుల్ గ్లేజింగ్ (రెండేసి అద్దాల కిటికీలు) బిగించి ఆ సందులన్నీ మూసేశారు. ఇప్పుడు అందులో నలుగురు ఉంటూ అన్నం వండి, పప్పు ఉడికించి, వేడినీళ్ళ స్నానాలు చేసి, బట్టలు హీటర్ మీద ఆరేస్తే ఆ ఆవిరంతా ఎక్కడికి పోతుంది? చల్లటి మూల మీద నీళ్ళై కూర్చుంటుంది, దాని మీద నల్లగా బూజు పడుతుంది.

కాబట్టి వండేటప్పుడు మూత పెట్టండి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, వంటింటి తలుపు మూయండి, కిటికీ కొద్దిగా తీయండి. చలేస్తుందని కిటికీ అసలు తీయకపోవడమే మనవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు. పొద్దున ఒక పది నిమిషాలు రెండు వైపులా కిటికీలు బార్లా తీస్తే తడిగాలి పోయి పొడిగాలి వస్తుంది, గోడల్లో వేడి అంత తొందరగా పోదు. కిటికీ ఫ్రేమ్ పైన చిన్న పొడుగాటి గాలి సందులు ఉంటే వాటికి టేపు వేయకండి. అద్దాల మీద నీళ్ళు పేరుకుంటే పొద్దునే గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సింక్‌లో పిండండి. బీరువా, మంచం బయటి గోడకి ఆనించకుండా ఒక జానెడు వదలండి. వేడి విషయంలో రోజంతా ఆపేసి రాత్రి ఒక్కసారిగా హీటర్ బాగా పెంచే బదులు, తక్కువ మీద నిలకడగా ఉంచండి.

బట్టలే పెద్ద సమస్య. ఒక గదిలో, తలుపు మూసి, డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమ లాగే మిషన్) పెట్టి ఆరేసుకోండి. షేరింగ్‌లో నలుగురూ కలిసి కొంటే మోయలేని ఖర్చు కాదు. తేమ చూపించే చిన్న మీటర్ దొరుకుతుంది, అది 60 శాతం లోపు చూపిస్తే మీరు బాగా చేస్తున్నట్టే.

ఇవన్నీ చేసినా బూజు వస్తుంటే, లేదా పైకప్పు మీద గోధుమరంగు మరక పెరుగుతుంటే, అది మీ తప్పు కాదు. అది లీకు, లేదా గోడ లోపం. దాని మీద పెయింట్ వేయకండి, తేదీలతో ఫొటోలు తీసి ఈమెయిల్ పెట్టండి, గడువు ఇచ్చి జవాబు అడగండి. రాకపోతే కౌన్సిల్‌లో ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ విభాగానికి రాయండి, ప్రైవేటు అద్దె ఇళ్ళని కూడా వాళ్ళు వచ్చి చూస్తారు. "మీరు కూరలు ఎక్కువ వండుతారు, అందుకే" అని ఎవరైనా అంటే నోరు మూసుకుని ఊరుకోవద్దు. వంట చేసుకోవడానికి పనికిరాని ఇంటిని అద్దెకివ్వకూడదు.

7. నీళ్ళు, నూనె

ఇక్కడ బాత్రూమ్ నేలకి తూము ఉండదు. బకెట్ పెట్టుకుని మగ్గుతో పోసుకుంటే ఆ నీళ్ళు నేల అంచుల్లోంచి దిగి కిందింటి సీలింగ్ మీద మరక అవుతుంది. టబ్‌లోనే నిలబడి, కర్టెన్ టబ్ లోపలికి వేసి స్నానం చేయండి. ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి మొదటి రోజే నెమ్మదిగా చెప్పండి, నేల కడగొద్దని కూడా.

వాడిన నూనె, నెయ్యి గిన్నెలో మిగిలింది, గారెలు వేసిన మూకుడు నూనె, ఏదీ సింక్‌లో పోయకండి. అందరి వంటిళ్ళూ నిలువునా ఒకే గొట్టంలోకి దిగుతాయి. మీరు ఆరో అంతస్తులో పోసింది గడ్డకట్టి కింద అడ్డుపడితే మురుగు ఎగదన్నేది గ్రౌండ్ ఫ్లోర్ వాళ్ళ సింక్‌లో. 2017లో వైట్‌చాపెల్ రోడ్డు కింద మురుగు కాలవలో 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు ఉన్న కొవ్వు గడ్డ దొరికింది, కాలువలోకి పోయిన నూనె, వెట్ వైప్స్ కలిసి గడ్డకట్టిందే అది. నూనె చల్లారాక పాత డబ్బాలో పోసి చెత్తలో వేయండి, మూకుడుని పేపర్‌తో తుడిచాక కడగండి.

8. నిప్పు

1968 మే 16న ఇదే తూర్పు లండన్‌లో రోనన్ పాయింట్ అనే 22 అంతస్తుల కొత్త టవర్‌లో గ్యాస్ పేలి ఒక మూల మొత్తం కూలిపోయింది. 2017 జూన్ 14న పశ్చిమ లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ అంటుకుని 72 మంది చనిపోయారు, బయట తొడిగిన పలకల వల్ల మంట పైకి పాకింది. అందుకే కింద గోడ మీద ఉన్న ఫైర్ నోటీసు చేరిన రోజే చదవండి. చాలా బ్లాకుల్లో, వేరే ఫ్లాట్‌లో మంట వస్తే మీ ఇంట్లోనే ఉండమని ఉంటుంది, కొన్నిటిలో అందరూ వెంటనే దిగిపోవాలని ఉంటుంది. మీ బ్లాక్‌ది ఏదో తెలియాలి. మీ ఇంట్లోనే మంట వచ్చినా, పొగ లోపలికి వస్తున్నా, తలుపు మూసి బయటికొచ్చి 999కి ఫోన్ చేయండి, లిఫ్ట్ ఎక్కొద్దు.

చెప్పుల స్టాండు, సైకిలు, బియ్యం బస్తా ఏదీ గుమ్మం బయట వరండాలో పెట్టకండి. చీకట్లో పొగలో పాకుతూ వచ్చే మనిషికి అది అడ్డం. ముందు తలుపు దానంతటదే మూసుకునే ఏర్పాటు ఉంటుంది, విసుగొచ్చి దాన్ని ఊడదీయొద్దు. పోపు వేసినప్పుడల్లా మోగుతోందని స్మోక్ అలారానికి ప్లాస్టిక్ కవర్ కట్టేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. ఫ్యాన్ ముందు వేసి, తర్వాత ఆవాలు వేయండి. ఎలక్ట్రిక్ సైకిల్ బ్యాటరీ ఇంట్లో రాత్రంతా చార్జింగ్ పెట్టి పడుకోవద్దు, గుమ్మానికి అడ్డంగా అసలే పెట్టొద్దు. గ్యాస్ సిలిండర్లు చాలా టవర్లలో నిషేధం. దీపావళికి బాల్కనీలో ప్రమిదలకి బదులు బ్యాటరీ దీపాలు పెట్టుకోండి, ప్రమిద దేవుడి దగ్గర, మీ కళ్ళ ముందు వెలిగించండి.

9. చుట్టుపక్కల వాళ్ళు

కాంక్రీట్ మాటల్ని కొంత ఆపుతుంది గానీ అదురుని ఆపదు. మిక్సీ కింద మందపాటి రబ్బరు చాప వేయండి, రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా మిక్సీ, వాషింగ్ మెషీన్ వద్దు. ఇడ్లీ పిండి సాయంత్రం ఆరింటికి రుబ్బుకోండి, పులవడానికీ అదే సమయం. పుట్టినరోజుకో వినాయక చవితికో ఇరవై మంది వస్తున్నారంటే ముందు రోజే పైవాళ్ళకీ కిందవాళ్ళకీ పక్కవాళ్ళకీ ఫలానా టైమ్‌కి ఆపేస్తామని ఒక మాట చెప్పండి. ఆ మాట నిలబెట్టుకుంటే తర్వాతిసారి గొడవ రాదు.

లిఫ్ట్‌లో పలకరించండి. ఎన్నో ఏళ్ళుగా ఉన్నవాళ్ళకి ఏ గొట్టం ఎప్పుడు లీకైందో, ఆఫీసులో ఎవరికి చెబితే పని అవుతుందో అన్నీ తెలుసు. రెసిడెంట్స్ అసోసియేషన్ ఉంటే మీటింగ్‌కి వెళ్ళండి, అద్దెకున్నవాళ్ళని కూడా చాలా చోట్ల రానిస్తారు. పాత సోఫా, పరుపు మెట్ల కింద వదిలేయకుండా కౌన్సిల్‌లో బుక్ చేస్తే వచ్చి తీసుకెళ్తారు.

10. కొనాలనుకుంటే

ధర తక్కువని తొందరపడకండి. కొన్ని బ్యాంకులు ఎత్తైన పాత టవర్లకీ, ముందే పోతపోసిన పెద్ద కాంక్రీట్ పలకలతో కట్టిన బ్లాకులకీ లోన్ ఇవ్వవు, ముందే అడగండి. లీజులో ఎన్నేళ్ళు మిగిలాయో చూడండి, 80 ఏళ్ళ కన్నా తగ్గితే పొడిగించుకోవడం ఖరీదవుతుంది. గత మూడేళ్ళ సర్వీస్ చార్జీ (బ్లాక్ నిర్వహణకి ఫ్లాట్ ఓనర్లు కట్టేది) లెక్కలు, పెద్ద రిపేర్ల నోటీసులు అన్నీ తెప్పించమని లాయర్‌కి చెప్పండి. లిఫ్ట్, పైకప్పు, కిటికీలు ఒకేసారి మారిస్తే ఒక్కో ఫ్లాట్‌కి వేల పౌండ్ల బిల్లు వస్తుంది, సంతకం పెట్టాక తప్పించుకోలేరు. ఎస్టేట్‌ని పడగొట్టి మళ్ళీ కట్టే ఆలోచన ఉందేమో కౌన్సిల్ ప్లానింగ్ పేజీల్లో వెతకండి. పాప్లర్‌లో 1972లో పూర్తయిన రాబిన్ హుడ్ గార్డెన్స్‌ని 2017లో పడగొట్టడం మొదలుపెట్టారు. కొనేముందు ఆ ఎస్టేట్ పేరు వెతికి చూడటానికి మీకు ఒక గంట కూడా పట్టదు.